లోతు ర్యాకు కొనే ముందు సరుకు లెక్క చూడండి
(నల్లగొండలో గోదాముల యజమానులు, మిల్లర్లు, స్టోర్ ఇన్‌చార్జీల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో అన్నలకు వినబడుతోందా? సరే, మైకు ఇట్లనే ఉంచుతా.

నన్ను పిలిచిన పెద్దమనిషి ఫోన్లో ఒక్కటే మాటన్నారు. "గోదాము నిండిపోయింది. హైవే పక్కన జాగా అడిగేటట్టు లేదు. లోతు ర్యాకులు వేస్తే రెట్టింపు పడుతుందట కదా, వచ్చి మావాళ్లకు చెప్పు" అన్నారు. వచ్చా. కానీ ఆయన అనుకున్నది చెప్పడానికి కాదు. ఇరవై మూడేళ్లుగా ర్యాకుల పనిలో ఉన్నా. బోల్టులు బిగించే ఫిట్టర్‌గా మొదలుపెట్టి, డ్రాయింగులు గీసి, కొన్నాళ్లు అమ్మి, ఇప్పుడు అమ్మకం మానేశా. కాబట్టి మీలో ఎవరైనా ఇవాళ "మాకు ర్యాకు వద్దు" అనుకుంటూ ఇంటికెళ్లినా నాకు నష్టం లేదు.

ముందు లోతు ర్యాకు అంటే ఏంటో చూద్దాం. గడియారం సెంటర్ దగ్గర షేర్ ఆటో ఎక్కుతారు కదా. ముందు ఎక్కినాయన లోపలి మూలకు జరుగుతాడు. చివర ఎక్కినాయన అంచు మీద కూర్చుంటాడు. మూలనున్న ఆయన మధ్యలో దిగాలంటే అడ్డమున్న వాళ్లందరూ దిగి, ఆయన్ని దింపి, మళ్లీ ఎక్కాలి. మామూలు ర్యాకు ఆటో లాంటిది కాదు, బైకు లాంటిది. ప్రతి ప్యాలెట్టూ, అంటే సరుకు పేర్చిన పలకల చట్రం, దారికి ఎదురుగా ఉంటుంది. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. ఆ సుఖానికి మనం కట్టే ధర, దారి. గోదాములో సగానికి పైగా నేల ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికే పోతుంది.

ఆ దారిని తగ్గించాలంటే ప్యాలెట్ల వెనక ప్యాలెట్లు పెట్టాలి. రెండు లోతు అయితే డబుల్ డీప్. నాలుగైదారు లోతు పెట్టి, ఫోర్క్‌లిఫ్ట్ స్వయంగా ర్యాకు సందులోకి దూరితే డ్రైవ్-ఇన్. వాలుగా ఉన్న పట్టాల మీద చక్రాల బండ్లు పెట్టి, కొత్త ప్యాలెట్‌తో పాత ప్యాలెట్‌ను లోపలికి నెడితే పుష్-బ్యాక్. ముందుది తీయగానే వెనకది తనంతట తాను జారి ముందుకొస్తుంది. సందులో ప్యాలెట్ కింద బ్యాటరీ బండి పరుగెత్తి మోసుకొస్తే షటిల్. పేర్లు ఇవే. మిగిలినవి వీటి తమ్ముళ్లు, బావమరుదులు.

ఇప్పుడు లెక్క. మన దగ్గర ఎక్కువగా నడిచే ప్యాలెట్ 1200 బై 1000 మిల్లీమీటర్లు. మామూలు ర్యాకులు రెండు వీపు వీపు ఆనించి పెట్టి, ముందు రీచ్ ట్రక్, అంటే ఇరుకు దారిలో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్, తిరిగే దారి వదిలామనుకోండి. ప్యాలెట్లకు 2.4 మీటర్లు, మధ్య ఖాళీ 0.2, దారి 3 మీటర్లు. మొత్తం 5.6 మీటర్లలో రెండు ప్యాలెట్లు. అంటే ఒక్కో ప్యాలెట్‌కు 2.8 మీటర్లు పడుతోంది. అదే డబుల్ డీప్ అయితే నాలుగు ప్యాలెట్లకు 4.8, మధ్య ఖాళీలకు 0.4, దారి కొంచెం పెరిగి 3.3. మొత్తం 8.5 మీటర్లలో నాలుగు. ఒక్కోదానికి 2.1 చిల్లర. వెయ్యి ప్యాలెట్లు పట్టే చోట 1,300 పైన పడతాయి. కొటేషన్‌లో పెద్ద అక్షరాలతో వేసే అంకె ఇదే. అబద్ధం కాదు. నేనూ వేశా.

కానీ ఆ 1,300 అరలు. సరుకు కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియడానికి నాకు ఒక పెద్ద దెబ్బ తగలాల్సి వచ్చింది.

చాలా ఏళ్ల కింద బెంగళూరు హైవే మీద ఒక చిరుతిళ్ల కంపెనీకి డ్రైవ్-ఇన్ ర్యాకు నేనే డిజైన్ చేశా. అయిదు లోతు, నాలుగు అంతస్తులు. ఒక్కో సందులో ఇరవై ప్యాలెట్లు. వాళ్లకు అప్పుడు నాలుగైదు రకాలే ఉండేవి, అన్నీ పెద్ద ఎత్తున తయారయ్యేవి. మేనేజర్ భుజం తట్టాడు. బిల్లు పాసయింది. రెండేళ్ల తర్వాత ఏదో బోల్టు కంప్లయింట్ మీద వెళ్లా. రకాలు ముప్పై దాటాయి. టమాటా రుచి, మసాలా రుచి, అయిదు రూపాయల పొట్లం, పది రూపాయల పొట్లం. కొన్ని రకాలు నెలకు ఆరేడు ప్యాలెట్లే. ప్రతి రకానికీ ఒక సందు కావాలి. ఎందుకంటే మసాలా వెనక టమాటా పెడితే షేర్ ఆటో కథే. బయట నిలబడి చూస్తే గోదాము ఫుల్. ఆపరేటర్ దారి మీద కూడా ప్యాలెట్లు దించేశాడు. టార్చి వేసి సందుల్లోకి చూస్తే లోపల సగం అరలు ఖాళీ.

ఇంకో సందులో చివరికంటా వెళితే అట్టపెట్టెల మీద దుమ్ము వేలెడు మందం. తేదీ చూశా. ఎక్స్‌పైరీ అయిపోయి మూడు నెలలు. ముందు వైపు నుంచి కొత్త సరుకు పెడుతున్నారు, ముందు వైపు నుంచే తీస్తున్నారు. వెనక రెండు వరసలకు ఎవరూ చేరనే లేదు. మా అమ్మ బియ్యం డ్రమ్ములో కొత్త బియ్యం పోసే ముందు అడుగున మిగిలిన పాత బియ్యాన్ని చేటలోకి ఎత్తేది. కొత్తవి పోశాక పాతవి పైన పోసేది. ఇరవై ప్యాలెట్ల సందులో ఆ పని ఎవరు చేస్తారు? సందు పూర్తిగా ఖాళీ అయ్యాకే కొత్తది నింపాలని రూలు పెట్టవచ్చు. పెట్టాం కూడా. రూలు పాటిస్తే ఖాళీ అరలు ఇంకా పెరుగుతాయి. అది తప్పించుకోలేని ఖరీదు.

తప్పు నాదే. ఎన్ని ప్యాలెట్లు అని అడిగాను గానీ, ఎన్ని రకాలు, ఒక్కో రకం ఒక్కసారి ఎన్ని ప్యాలెట్లు వస్తుంది అని అడగలేదు.

ఇది అంకెల్లో చూపిస్తా, పెన్ను తీయండి. ఒక బ్యాచ్‌లో 22 ప్యాలెట్లు వచ్చాయి. డ్రైవ్-ఇన్ సందులో పట్టేది 20. మిగిలిన రెండింటికి ఇంకో సందు తెరవాలి. 40 అరలు పట్టుకుని 22 పెట్టాం. 18 అరలు ఖాళీ, వాటిలో ఇంకోటి పెట్టడానికి లేదు. డ్రైవ్-ఇన్‌లో నాలుగు అంతస్తులూ కలిసి ఒకే సందు. కింద ప్యాలెట్ అడ్డముంటే ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి పోదు కదా, అందుకని పై అంతస్తు ఒక రకానికి, కింది అంతస్తు ఇంకో రకానికి ఇవ్వలేం.

అదే 22 ప్యాలెట్లను అయిదు లోతు పుష్-బ్యాక్‌లో పెట్టండి. ఇక్కడ ప్రతి అంతస్తూ వేరే సందు, అయిదు ప్యాలెట్లది. అయిదు సందులు, 25 అరలు, ఖాళీ మూడే. లోతు ఒకటే, గోదాము ఒకటే. ఒక దాంట్లో పద్దెనిమిది పోయాయి, ఇంకో దాంట్లో మూడు. అందుకే "ఎంత లోతు" అని అడిగే ముందు "ఒక సందు అంటే ఎన్ని ప్యాలెట్లు" అని అడగాలి.

మరి ఎంత లోతు సరిపోతుంది? దీనికి పాత సూత్రం ఒకటుంది. లెక్కల సార్ గుర్తొస్తే ఏమనుకోకండి. ఒక రకం ఒక్కసారి వచ్చే ప్యాలెట్ల సంఖ్య రాసుకోండి. డ్రైవ్-ఇన్ అయితే దాన్ని అంతస్తులతో భాగించండి. పుష్-బ్యాక్, షటిల్ అయితే భాగించే పని లేదు. దారి వెడల్పు ఎన్ని ప్యాలెట్ల లోతుకు సమానమో చూసి, అందులో సగంతో గుణించండి. వర్గమూలం తీయండి. వచ్చిందే లోతు. మన 22నే తీసుకుందాం. నాలుగుతో భాగిస్తే అయిదున్నర. దారి 3.3 మీటర్లు, ప్యాలెట్ మధ్య ఖాళీతో కలిపి 1.25, అంటే దారి రెండున్నర ప్యాలెట్ల పైచిలుకు లోతు. సగం 1.3. గుణిస్తే ఏడు చిల్లర. వర్గమూలం మూడులోపే. నేను వేసింది అయిదు! అదే పుష్-బ్యాక్‌కు 22ను 1.3తో గుణిస్తే 29 దాకా, వర్గమూలం అయిదు పైన. సరిగ్గా సరిపోతుంది.

ఈ సూత్రంలో నాకు నచ్చేది వర్గమూలం. సరుకు నాలుగు రెట్లు పెరిగితే లోతు రెండు రెట్లే పెరగాలి. "మా వ్యాపారం పెరుగుతుంది సార్, పది లోతు వేసేద్దాం" అనే సేట్లకు దీన్ని చూపిస్తా. వ్యాపారం పెరగడం అంటే చాలాసార్లు రకాలు పెరగడం. రకాలు పెరిగితే లోతు తగ్గాలి.

ఆ 1,300 అరల దగ్గరికి మళ్లీ వద్దాం. మామూలు ర్యాకులో పదింట తొమ్మిది అరలు నింపుకోవచ్చు. డబుల్ డీప్‌లో పదింట ఎనిమిది అని పట్టుకుని లెక్క వేస్తా. వెయ్యి అరల మామూలు ర్యాకులో 900 ప్యాలెట్లు. 1,300 అరల డబుల్ డీప్‌లో 1,040. కొటేషన్‌లో 300 పెరిగాయి, మీ చేతికి వచ్చేవి 140. ఆ 140 కోసం ర్యాకు మార్చి, బండి మార్చి, ఆపరేటర్‌కు కొత్త పని నేర్పాలి. లాభమైతే చేయండి. 300 అనుకుని మాత్రం చేయకండి.

బండి మార్చాలి అన్నా కదా. మీ దగ్గరున్న మామూలు ఫోర్క్‌లిఫ్ట్ డబుల్ డీప్‌లో రెండో ప్యాలెట్ దాకా అందుకోలేదు. రెండో ప్యాలెట్ దాకా చేయి సాచే డబుల్ డీప్ రీచ్ ట్రక్ కావాలి. చేయి సాచినకొద్దీ ఎత్తే బరువు తగ్గుతుంది. బకెట్ నీళ్లు ఒంటి దగ్గర పట్టుకున్నట్టు చేయి చాపి పట్టుకోలేం, అంతే. బండి మీద రేకు ప్లేటుంటుంది, ఎంత ఎత్తులో ఎంత బరువు అని. టన్నున్నర బండి అని కొంటారు, పై అంతస్తులో చేయి సాచినప్పుడు టన్ను కూడా ఎత్తకపోవచ్చు. బియ్యం ప్యాలెట్ ఎంతుంటుంది? 26 కిలోల బస్తాలు వరసకు అయిదు, ఎనిమిది వరసలు, నలభై బస్తాలు, 1,040 కిలోలు. 26 కిలోలే ఎందుకో మిల్లర్లకు నేను చెప్పక్కర్లేదు. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద అయిదు శాతం జీఎస్టీ వచ్చింది, మనం ఒక కిలో పెంచాం. ఆ కిలో ర్యాకు బీము మీద కూడా పడుతుంది మరి. పాత 25 కిలోల లెక్కతో వేసిన ర్యాకైతే, ఎంత బరువు మోస్తుందో రాసిన ర్యాకు ప్లేటు ఒకసారి చూసుకోండి.

మిర్యాలగూడ మిల్లర్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీకు సూటిగా చెబుతా. సీఎంఆర్ కోసం, అంటే సర్కారు వడ్లు ఆడించి తిరిగిచ్చేందుకు, ఒకే రకం బియ్యం వేల బస్తాలు నిలవ పెట్టేవాళ్లకు ర్యాకు అవసరమే లేదు. హమాలీలు పేర్చే బస్తాల వరసే అన్నిటికన్నా లోతైన ర్యాకు. ఇనుము ఖర్చు లేదు. ఇంకో సంగతి, పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి తాడిపత్రి పట్టా కప్పుతాం. బస్తాల వరసను కప్పడం సులువు. ఇనుప కంబాల అడవిని కప్పలేం. పైగా ఆ బిళ్లల నుంచి వచ్చే గ్యాసు రాగిని తినేస్తుంది. షటిల్ బండ్లలో వైర్లు, సర్క్యూట్ బోర్డులు అన్నీ రాగే. బియ్యం గోదాములో షటిల్ పెట్టి గ్యాసు కొడితే పురుగుతో పాటు బండీ పోతుంది. సొంత బ్రాండ్ వేసి, చిన్న బస్తాల్లో రకరకాల బియ్యం అమ్మేవాళ్లు వేరే. వాళ్లు మాత్రం విడిగా కలవండి.

గద్వాల వైపు విత్తన పత్తి వాళ్లు ఇటొచ్చారా? వచ్చారా, నమస్తే అన్నా. మీ కేసు దీనికి పూర్తి తలకిందులు. హైబ్రిడ్‌కో లాట్, రైతుకో లాట్. పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలల గడువు. జెర్మినేషన్, అంటే మొలక పరీక్ష, ఫెయిలైన లాట్ పక్కకు తీయాలి. సీజను అయ్యాక డీలర్ల దగ్గర అమ్ముడుపోనివి తిరిగొస్తాయి, మూడు బస్తాలు ఇది, ఏడు బస్తాలు అది. వీటికి లోతు ర్యాకు పెట్టడమంటే కందులు, పెసలు, మినుములు ఒకే సంచిలో పోసి కందులొక్కటే తీయమన్నట్టు. ప్యాక్ అయి రెడీగా ఉన్న పెద్ద లాట్లకు కొన్ని సందులు చాలు. మిగతాదంతా మామూలు ర్యాకే. జడ్చర్ల, పోలేపల్లి ఫార్మా స్టోర్ల వాళ్లకూ దాదాపు ఇదే మాట. మీకు క్వారంటైన్ సరుకు (పరీక్ష ఇంకా తేలనిది), పాసైన సరుకు, రిజెక్టు సరుకు వేర్వేరుగా ఉండాలి. సందు మధ్యలో ఉన్న బ్యాచ్ రిజెక్టయితే ఆడిటర్ ముందు దాన్ని ఎట్లా బయటికి తెస్తారో ముందే ఆలోచించుకోండి. ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు, డ్రమ్ములు పెద్ద మొత్తంలో వస్తాయి, వాటికి లోతు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఒకే గోదాములో రెండు మూడు రకాల ర్యాకులు కలిపి వేయడం నామోషీ కాదు. అంతా ఒకటే రకం ఉంటే ఫొటో బాగా వస్తుంది, అంతే.

నేల సంగతి చెప్పకుండా దిగితే నాకు నిద్ర పట్టదు. బస్తాల వరస బరువు నేల మీద పరుచుకుంటుంది. ర్యాకు బరువు పోస్టుల మీద నిలబడుతుంది. ఒక బేలో, అంటే పోస్టుల మధ్య గడిలో, అంతస్తుకు రెండు టన్ను ప్యాలెట్లు, నాలుగు అంతస్తులు, ఎనిమిది టన్నులు. మధ్య పోస్టు ఒక్కోదాని మీద నాలుగు టన్నులు పడుతుంది, అరచేతి కన్నా కొంచెం పెద్ద బేస్ ప్లేటు మీద. మన పాత మిల్లు గోదాముల్లో నేల ఏంటి? మట్టి కొట్టి, దాని మీద తాండూరు బండలు. ఆ బండ మీద యాంకర్ బోల్టు కొడితే బండ పగులుతుంది గానీ బోల్టు పట్టదు. కింద నల్లరేగడి ఉందనుకోండి, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంగుతుంది. ఏడు మీటర్ల పోస్టుకు అడుగున కొద్దిగా నేల దిగినా పైన ఎంత వాలుతుందో మీరే ఊహించుకోండి. కాంక్రీటు నేల వేసే ఖర్చు కూడా కలిపాకే ర్యాకు చవకా ఖరీదా తేలుతుంది. దీన్ని కొటేషన్‌లో రాయరు, అది వాళ్ల పని కాదు.

డ్రైవ్-ఇన్ వేస్తే పోస్టులకు దెబ్బలు తప్పవు. సందులో బండికి అటూ ఇటూ నాలుగు వేళ్ల ఖాళీ ఉంటుంది. రాత్రి షిఫ్టులో లారీ వాళ్లు హారన్ కొడుతుంటే ఆపరేటర్‌కు ఎంత టెన్షనో. వంగిన పోస్టుకు మీటరు పొడవు స్కేలు ఆనించి చూడండి. యూరోపు ప్రమాణం ప్రకారం బీముల వైపు వంపు 5 మిల్లీమీటర్లు, అడ్డపట్టీల వైపు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దానికి రెట్టింపు దాటితే ఆ బే వెంటనే ఖాళీ చేయాలి. పెయింట్ వేసి కప్పేయడం రిపేరు కాదు. ఇంకొకటి, డ్రైవ్-ఇన్‌లో ప్యాలెట్ రెండు అంచుల మీదే ఆనుకుంటుంది. పలక విరిగిన ప్యాలెట్ నేల మీద ఓకే, అక్కడ కిందికి దిగుతుంది, సరుకుతో సహా. కింద బండి, బండిలో మనిషి. విరిగిన ప్యాలెట్లు పొయ్యిలోకి పంపండి, మళ్లీ గోదాములోకి కాదు.

ఏదైనా ప్రశ్న ఉందా? చెప్పండి మేడమ్... లోతు కాకుండా జాగా పెంచే దారి లేదా అంటున్నారు. ఉంది, ముందు అదే చూడాలి. మీ గోదాములో పై అంతస్తు మీద, రేకుల కింద ఎంత ఖాళీ ఉంది? రెండు మీటర్లా? అయితే అక్కడ ఒక అంతస్తు పోతోంది. స్ప్రింక్లర్లకు, లైట్లకు వదలాల్సింది వదిలి మిగతాది వాడుకోండి. తర్వాత ఏడాదిగా కదలని సరుకు లిస్టు తీయండి. అది అమ్మేస్తే వచ్చే జాగాకు ఇనుము కొనక్కర్లేదు.

ఇటు చివర అన్న... సెకండ్ హ్యాండ్ డ్రైవ్-ఇన్ ర్యాకు చవగ్గా వస్తోందా? ఎంత లోతు? ఆరా! మీకు ఎన్ని రకాలు? పద్నాలుగు. ఒక్కోటి ఒక్కసారి ఎన్ని ప్యాలెట్లు? పదీ పన్నెండు. నాలుగు అంతస్తులంటే సందుకు ఇరవై నాలుగు, సగం ఖాళీ మొదటి రోజు నుంచే. ఫోన్లో ఫొటో ఉందా, ఇటివ్వండి. పెద్దది చేసి చూడండి, ఈ ముందు పోస్టు కింద మూరెడు దాకా పెయింట్ కొత్తగా మెరుస్తోంది, మిగతాదంతా పాత రంగు. ఇక్కడ ఏదో తగిలింది. అడ్వాన్స్ ఇచ్చారా? ఇవ్వలేదు కదా, ఇంకేం.